వైద్యవిద్య, పరిశోధన, పల్లె ఋణం

(ఆలయ వార్షికోత్సవ సభలో యువజనులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

నా తెలుగు కొంచెం పాతకాలపు బడిపంతులు తెలుగు. ఎక్కడైనా అడ్డుపడితే మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. వారికీ కాసేపు కాలక్షేపం అవుతుంది.

మన ఆలయంలో ప్రతి సంవత్సరం వేసవి మొదట్లో ఒక ముచ్చట చూస్తాను. మెడికల్ స్కూలులో సీటు వచ్చిన పిల్లల పేరున అర్చనలు జరుగుతాయి. తల్లిదండ్రుల ముఖాలు వెలిగిపోతుంటాయి. ఆ పిల్లలే రెండు మూడేళ్ల తరువాత ప్రసాదాల వరుసలో నన్ను పట్టుకొని మెల్లగా అడుగుతారు: "అంకుల్, ఒక ఏడాది ఆగి గ్లోబల్ హెల్త్ రీసెర్చ్ చేద్దామనుకుంటున్నాను. ఇండియా కానీ, ఆఫ్రికా కానీ. మంచిదేనా?" వారు అటు తిరగగానే తండ్రిగారు ఇటు వస్తారు: "డాక్టరుగారూ, మీరైనా చెప్పండి. చదువు పూర్తిచేసి, రెసిడెన్సీ కూడా ముగించాక ఏ సేవ అయినా చేసుకోవచ్చు కదా?" ఇద్దరికీ విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ అలసి, ఈనాడు ఒకేచోట చెబుదామని ఒప్పుకున్నాను.

మొదట మనవాడి సంగతి చెప్పుకుందాం. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. తిన్న అన్నం ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించిపోతుంది. ఆనాడు దానికి మందు లేదు. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. 1922లో బోస్టన్ చేరారు. ఆ పట్టాతో ఇక్కడ వైద్యునిగా కొలువు దొరకలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న పని చేస్తూ, పగలు హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదివారు. 1925లో ఫిస్కెగారితో కలిసి రక్తంలో ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని ప్రకటించారు. మీలో బయోకెమిస్ట్రీ చదివినవారు ఆ జంట పేర్లను చూసే ఉంటారు. 1940లో లెడర్లె సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన బృందం నుంచే 1945లో ఫోలిక్ యాసిడ్ తయారీ, 1947లో బోదకాలు వ్యాధికి మందు వచ్చాయి.

తమ్ముణ్ణీ అన్ననూ తీసుకుపోయిన స్ప్రూలోని రక్తహీనతకు ఆ ఫోలిక్ యాసిడ్ పనిచేసింది. పుట్టబోయే బిడ్డల వెన్నుపాములో లోపం రాకుండా కాపాడేదీ అదే. 1998 నుంచి ఈ దేశంలో మైదాపిండిలో దానిని తప్పనిసరిగా కలుపుతున్నారు. మీరు ఈ ఉదయం రొట్టెముక్క తిని ఆలయానికి వచ్చి ఉంటే, భీమవరం కుర్రవాడి దుఃఖంలోంచి పుట్టిన ఔషధం కొంత మీ కడుపులో ఉంది. బోదకాలు మందు సంగతి కూడా అంతే. శ్రీకాకుళం మొదలు గోదావరి జిల్లాల వరకు ఇంటింటికీ తిరిగి ఏడాదికొకసారి మింగిస్తూ వచ్చిన డి.ఇ.సి. బిళ్ళ అదే.

ఈ కథను మనం ఎప్పుడూ కీర్తిగానే చెప్పుకుంటాం. అనపర్తిలో ఉండిపోయిన ఆయన భార్య ఆయనను 1922 తరువాత మళ్లీ చూడలేదన్న సంగతి మాత్రం సభలలో చెప్పం. 1948లో ఆయన ఇక్కడే కన్నుమూశారు. ఆయన గొప్పతనాన్ని తగ్గించాలని ఈ మాట అనలేదు. దూరాన ఉండి చేసే మేలుకు వెనుక ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు, అది ఎవరో తెలిసి ఉండటం అవసరం. నా ప్రసంగమంతా ఒక విధంగా ఆ లెక్క గురించే.

ఆనాడు సుబ్బారావుగారు దిక్కులేక నడిచిన బాట మీకు ఈనాడు రాజమార్గంగా ఉంది. ఈ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థ 1964 నుంచి వైద్యపట్టాను, పరిశోధన పట్టాను కలిపి చదివేవారికి ఫీజు కట్టి, భృతి ఇచ్చి పోషిస్తూ వచ్చింది. దానికి సుమారు ఎనిమిదేళ్లు పడుతుంది. అంత వద్దనుకుంటే మధ్యలో ఒక ఏడాది తీసుకొని ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయవచ్చు. అదే సంస్థకు చెందిన ఫోగర్టీ కేంద్రం వైద్యవిద్యార్థులను, పరిశోధకులను ఏడాదిపాటు పేదదేశాలకు పంపే ఫెలోషిప్పులు ఎన్నో ఏళ్లుగా నడిపింది. ఇవన్నీ మీ కళాశాల కార్యాలయంలో నాకంటే బాగా చెబుతారు. వారు చెప్పనిది నేను చెబుతాను. అందుకు మిమ్మల్ని ఒక ఊరికి తీసుకుపోవాలి.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రతీరాన ఉద్దానం అని ఒక ప్రాంతం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు దానిలోనివి. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి చెట్లను నేలకూల్చకముందు చూసినవారికి అది కోనసీమకు చెల్లెలిలా కనిపించేది. అంత పచ్చని చోట పాతికేళ్లకు పైగా మనుషులు మూత్రపిండాలు పాడై చనిపోతున్నారు. వారిలో చాలామందికి మధుమేహం లేదు. పుట్టుకతో వచ్చిన లోపం లేదు. మామూలుగా కిడ్నీని పాడుచేసే కారణాలలో ఏదీ లేదు. పదుల సంఖ్యలో ఊళ్లలో పద్ధతిగా జరిపిన సర్వేలో పెద్దవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు కనిపించింది.

ఇది ఒక్క ఉద్దానం కథ కాదు. శ్రీలంకలో అనురాధపురం, పొలన్నరువ ప్రాంతాల వరిరైతులలో ఇదే జబ్బు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ నుంచి 2002లో అక్కడి వైద్యులు ఇటువంటి రోగుల గురించి రాశారు. నికరాగ్వాలో చెరకు కోసే కూలీలు ఎంతమంది పోయారంటే ఒక పల్లెకు విధవల ద్వీపమన్న పేరు పడింది. సముద్రాలకు ఆవల ఒకరి ఊరిపేరు ఒకరికి తెలియని మనుషులు, ఒకే తీరుగా, ఎండలో పనిచేసే వయసులోనే, నొప్పి లేకుండా, కాళ్లు వాయకుండా, చాలా ఆలస్యంగా జబ్బు సంగతి తెలుసుకుంటున్నారు. కారణమేమిటి? ఎండదెబ్బా, ఒంట్లో నీరు తగ్గడమా, పురుగుమందులా, నీటిలోని ఖనిజాలా, నొప్పి బిళ్ళలా, వీటిలో కొన్ని కలిసి చేస్తున్న పనా? ఒక్క జవాబుపై ఇంకా అందరూ ఏకీభవించలేదు.

వైద్యం ఒక్కటే తెలిస్తే చాలదని, పరిశోధన ఒక్కటే తెలిసినా చాలదని నాకు నేర్పింది ఈ జబ్బే. కొంచెం ఓపిక పట్టండి, ఇక్కడ వివరంగా చెప్పాలి. మూత్రపిండాల జబ్బును వెదకడానికి ఆరోగ్య శిబిరాలలో మామూలుగా చేసే పని మూత్రంలో ఒక పట్టీ ముంచి మాంసకృత్తు పోతున్నదా అని చూడటం. చవక, తేలిక. కానీ ఈ జబ్బు వడపోసే జల్లెడను కాక దాని పక్కన ఉన్న సన్నని గొట్టాలను, వాటి నడుమ ఉన్న కణజాలాన్ని మొదట దెబ్బతీస్తుంది. అందువల్ల మాంసకృత్తు పెద్దగా పోదు. పట్టీని నమ్ముకున్న సదుద్దేశపరుడైన డాక్టరు ఊరంతా బాగుందని రాసి వెళ్లిపోతాడు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి. అది తెలియాలంటే రోగశరీరం గురించి చదివి ఉండాలి.

సరే, క్రియాటినిన్ చూశాం. అది కండలోంచి వచ్చే పదార్థం. బక్కపలచని కూలీ ఒంట్లో కండ తక్కువ కనుక అంకె తక్కువగా వస్తుంది, కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ఆ అంకె నుంచి కిడ్నీ పనితీరును లెక్కగట్టే సూత్రాలు ఎవరి శరీరాల మీద తయారయ్యాయి? ఉద్దానం కూలీల మీద కాదు. ఇక మధ్యాహ్నం ఎండలో పనిచేసి నేరుగా శిబిరానికి వచ్చినవాడికి ఆ పూటకు అంకె ఎక్కువగా వస్తుంది, రాత్రి నీళ్లు తాగి పడుకుంటే దిగుతుంది. దీర్ఘవ్యాధి అనాలంటే మూడు నెలల తరువాత మళ్లీ చూడాలి. ఒక్కసారి వచ్చి, వెయ్యిమంది రక్తం తీసి, శాతాలు ప్రకటించేవాడు తాను కొలిచింది జబ్బునా, ఆనాటి ఎండనా అన్నది చెప్పలేడు. ఇది తెలియాలంటే లెక్కలశాస్త్రం చదివి ఉండాలి. రెండూ ఒకే మనిషిలో ఉండటం ఎందుకు మేలో ఇప్పుడు తల్లిదండ్రులకు అర్థమై ఉంటుందనుకుంటాను. ఆ ఏడాది వృథా కాదు. ఆ ఏడాది లేకపోతే మంచి డాక్టరు కూడా అక్కడ ధైర్యంగా తప్పు చెప్పగలడు.

అయితే కారణం తెలియడమే పరిశోధన పరమార్థమనుకుంటే మరొక పొరపాటు. అప్పటి నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు వల్ల వెన్ను బిగుసుకుపోయిన మనుషుల గురించి మద్రాసు ప్రెసిడెన్సీ శాస్త్రవేత్తలు 1937లోనే ప్రచురించారు. కారణం తేలిపోయింది. మందు కూడా తేలిపోయింది: నీరు మార్చాలి. ఆ తరువాత ఎన్ని దశాబ్దాలు నల్గొండ జిల్లాలో కాళ్లు వంకర్లు తిరిగిన పిల్లలు పెరిగారు! పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. పద్ధతి ప్రపంచమంతా ప్రయాణించింది, నది నీరు మాత్రం ఆ ఊళ్లకు నిదానంగా వచ్చింది. ఉద్దానంలో జరిగింది దీనికి తలకిందులు. కారణం ఇంకా తేలకముందే వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి శుద్ధి చేసిన నీటిని పైపులలో తెచ్చారు. 2023 డిసెంబరులో ఆ పథకంతోపాటు పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. నీరే కారణమని ఎవరూ నిరూపించలేదు. అయినా మంచినీరు ఇచ్చినందుకు ఏ శాస్త్రజ్ఞుడూ తప్పు పట్టనవసరం లేదు. నికరాగ్వాలో కూడా పూర్తి కారణం తేలేవరకు ఆగలేదు. చెరకు తోటలలో నీళ్లు, నీడ, విశ్రాంతి వేళలు పెంచి చూశారు. విశ్రాంతి పెరిగిన చోట కూలీల మూత్రపిండాలకు తగిలే దెబ్బ తగ్గింది. మీరు పరిశోధకులైతే మీ సీనియర్లు "ఇంకా ఆధారాలు కావాలి" అన్న మాటను మీకు బాగా అలవాటు చేస్తారు. ఆ మాట అవసరమైనదే. ఎదుటివాడు దాహంతో ఉన్నప్పుడు మాత్రం అనకండి.

ఇంతవరకు శాస్త్రం. ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దీనికోసమే.

చాలా ఏళ్ల క్రితం, ఇక్కడ నెఫ్రాలజీలో స్థిరపడిన తరువాత, నలుగురు మిత్రులం కలిసి ఉద్దానంలో ఒక చిన్న సర్వే చేశాం. బడి వరండాలో బల్లలు వేసి వారం రోజులలో నూట నలభైమంది రక్తం తీశాం. అనుమతులన్నీ ఉన్నాయి. సమ్మతి పత్రాల మీద సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. నమూనాలు నగరంలోని ప్రయోగశాలకు పోయాయి. రెండు నెలల తరువాత ఫలితాలు నా కంప్యూటరుకు వచ్చాయి. పేర్లు ఉండవు, అంకెలే. పరిశోధనలో అదే నియమం, వ్యక్తి గోప్యతకు అదే మంచిది. వాటిలో ఒకటి 3.8. మామూలుగా అది 1.2 దాటకూడదు. ముప్ఫై ఐదేళ్ల మనిషి. ఆ వరుసను నేను పసుపు రంగుతో గుర్తుపెట్టాను. ఎక్కువ వచ్చినవారందరికీ చీటీలు అందించే బాధ్యత స్థానికంగా మాకు సాయపడిన ఒక కార్యకర్తది. జాబితా పంపాను. అందిందన్న జవాబు కోసం ఎదురుచూడలేదు. అప్పటికే ఆమె ఆ ఉద్యోగం మానేసిందని నాకు తరువాత తెలిసింది. ఆమెది ఏ తప్పూ లేదు. కనుక్కోవలసినవాణ్ణి నేను.

ఆ అంకెలతో ఒక సదస్సులో పోస్టరు పెట్టాం. పలువురు ఆగి చూశారు, మెచ్చుకున్నారు. ఏడాదిన్నర తరువాత మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు ఆ పసుపు వరుస మనిషి ఇంటికి పోయాను. కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి. భుజాల నొప్పికి ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గర నొప్పి బిళ్ళలు కొనుక్కొని రోజూ రెండు చొప్పున వేసుకున్నాడు, మా రక్తపరీక్ష అయిన తరువాత కూడా, నెలల తరబడి. ఆ బిళ్ళలు చెడిన కిడ్నీని ఇంకా చెడగొడతాయి. మేం వెళ్లేసరికి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతున్నాడు. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది. నేనెవరో చెప్పాను. ఆమె కోప్పడలేదు. "బాబూ, అందరూ వచ్చి మా రగతం అట్టుకెళ్తన్నారు. ఏటుందో సెప్పడానికి ఒకరూ మళ్లీ రానేదు" అంది. ఆ తరువాత మజ్జిగ ఇచ్చింది. తాగాను. అతడు మరి రెండేళ్లు బతికాడు.

బిళ్ళలు మానితే అతని కిడ్నీ నిలిచేదని నేను చెప్పలేను. బహుశా డయాలసిస్ కొన్నాళ్లు వెనక్కి జరిగేది. ఎన్నాళ్లో తెలియదు. తెలిసే అవకాశాన్ని పోగొట్టింది మాత్రం నేను. ఒక రోగి నా క్లినిక్కుకు వచ్చి 3.8 చూపిస్తే ఆ సాయంత్రమే ఫోను చేసేవాణ్ణి. అదే మనిషి నా పరిశోధనలో ఒక వరుసగా మారేసరికి నాలోని డాక్టరు నిద్రపోయాడు. రెండు చదువులు కలపడమంటే రెండు పట్టాలు గోడకు తగిలించడమని అప్పటివరకు నా మనసులో ఉండేది కాబోలు.

ఆ తరువాత మేం పని చేసే తీరు మార్చుకున్నాం. వేలి నుంచి రక్తపుచుక్క తీసి అక్కడికక్కడే క్రియాటినిన్ చూపే చిన్న యంత్రాలు వచ్చాయి కనుక, ఎవరూ ఫలితం తెలియకుండా వరండా దిగరు. ఎక్కువ వచ్చినవారిని చూస్తానని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ముందే ఒప్పుకుంటే తప్ప శిబిరం పెట్టం. ఏ అంకె ఎవరిదో చెప్పే పుస్తకం ఒకటి అక్కడి డాక్టరు దగ్గర తాళం వేసి ఉంటుంది. మళ్లీ వెళ్లిరావడానికయ్యే ఖర్చును బడ్జెటులో మొదటి వరుసలో రాస్తాం. నిధులిచ్చేవారు మొదట కొట్టివేసేదీ ఆ వరుసనే. దానికోసం వారితో పోట్లాడటం కూడా పరిశోధనలో భాగమే అని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

సమ్మతి గురించి ఒక మాట. మా దగ్గర సంతకాలు ఉన్నాయని చెప్పాను కదా, సంతకం ఎంత తేలికైనదో తెలుసుకోవాలంటే ఖమ్మం జిల్లాను గుర్తుచేసుకోవాలి. 2009లో అక్కడ గిరిజన బాలికలు చదివే ఆశ్రమ పాఠశాలలలో, ఇతర బడులలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను వేలమందికి ఇచ్చారు. టీకా మంచిదే, ఈ దేశంలో మీలో చాలామంది వేయించుకొని ఉంటారు. అక్కడ ఎన్నోచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికల మరణాల వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం తీవ్రంగా తప్పుపట్టింది. వైద్యం సరైనదే అయినా అడిగిన తీరు తప్పైతే, పోయేది ఒక కార్యక్రమం కాదు. తరువాత వచ్చే మంచి మందును కూడా ఆ తల్లులు అనుమానంగా చూస్తారు. అందుకే భారతదేశంలో విదేశీ సహకారంతో చేసే వైద్యపరిశోధనకు సంస్థాగత నైతిక సంఘం అనుమతితోపాటు ఆరోగ్యశాఖ పరిశీలక సంఘం అనుమతి కూడా ఉండాలి. నెలలు పడుతుంది. మీకు విసుగు వస్తుంది. నాకూ వచ్చింది. ఇప్పుడు ఆ ఆలస్యాన్ని నేను తిట్టుకోను.

ఇక మీలో చాలామంది అడిగే ప్రశ్న: "రెండు వారాలు వెళ్లి వైద్యశిబిరం పెడితే చాలదా?" వెళ్లండి, చూడండి, మీకు చాలా లాభం. ఊరికి మాత్రం పెద్దగా ఉండదు. బి.పి. బిళ్ళలు రెండు వారాలకు సరిపడా ఇచ్చి మూడో వారం విమానమెక్కితే ఆ రోగి నాలుగో వారం ఏం చేయాలి? దానికన్నా అక్కడ నిత్యం పనిచేసే నర్సుకో, ఆశా కార్యకర్తకో ఒక పని సులువు చేసి రండి. మరుసటి ఏడాది వెళ్లి అది ఇంకా నడుస్తున్నదో లేదో చూడండి. నడవకపోతే ఎందుకో ఆమెనే అడగండి. నిజమైన పరిశోధన ప్రశ్నలు నాకు ఎక్కువగా అలాగే దొరికాయి.

ఆమెను అడగాలంటే భాష కావాలి. మీ తెలుగు గురించి మీలో కొందరికి బిడియం ఉంది, నాకు తెలుసు. ఇక్కడ నా అనుభవం ఒకటి వినండి. మొదటి సర్వేకు ప్రశ్నావళిని నేనే తెలుగు చేశాను. "మీకు మూత్రపిండ సంబంధిత వ్యాధి ఉన్నట్లు వైద్యులు ఎన్నడైనా నిర్ధారించారా?" అని రాశాను. వ్యాకరణం నిర్దోషం. ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. అక్కడ చిన్నపిల్లవాడు కూడా కిడ్నీ అనే అంటాడు. "రోజుకు ఎన్ని లీటర్ల నీరు సేవిస్తారు?" అని అడిగితే నవ్వారు. చెంబులు, సీసాలు లెక్క చెప్పగలరు, లీటర్లు కాదు. నొప్పి మాత్రలు వాడతారా అంటే లేదన్నారు. "ఒళ్ళునొప్పులకు దుకాణంలో బిళ్ళలు కొంటారా?" అని ఆశా కార్యకర్త మాట మార్చి అడగగానే సగంమంది అవునన్నారు. ఆ ఒక్క ప్రశ్నలో మాట మారకపోతే, నొప్పి బిళ్ళలకు ఈ జబ్బుతో సంబంధం లేదని మా పట్టికలు నమ్మకంగా చెప్పి ఉండేవి. తప్పుడు జవాబు గణితంలోంచి రాదు, చాలాసార్లు అనువాదంలోంచి వస్తుంది.

అందుకే పోయినసారి ఫలితాల చీటీ రాసే పని నేను చేయలేదు. మన ఆలయంలో ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పెద్దపిల్లలకు ఇచ్చాను. వారిలో ఇద్దరు వైద్యవిద్యకు వెళ్లబోతున్నారు. వారికి తెలిసిన తెలుగు కొంచెమే కనుక చిన్న మాటలే రాశారు. ఒకచోట నేను పట్టుబట్టి మూత్రపిండము అని దిద్దాను. కాగితం ఉద్దానం వెళ్లింది. అక్కడి ఆశా కార్యకర్త ఆ మాటను అడ్డంగా కొట్టివేసి, పైన పిల్లలు మొదట రాసిన మాటే రాసి, ఫొటో తీసి నాకు వాట్సాపులో పంపింది. ఇప్పుడు అక్కడ చేతికిచ్చే చీటీ మీద పెద్ద అక్షరాలలో ఇలా ఉంటుంది: "ఇది మీ కిడ్నీ పరీక్ష. మీ అంకె ఇక్కడ రాశాం. 1.2 కన్నా ఎక్కువ ఉంటే నొప్పి బిళ్ళలు వేసుకోవద్దు, ఈ వారంలోనే పెద్ద డాక్టరును కలవండి. మూడు నెలల తరువాత మేం మళ్లీ వస్తాం." దాని కింద మేం వచ్చే తేదీ వేసి ఉంటుంది.